మామ్మ అంగిలికి మూత

నేను బరంపురంలో చదివింది డెంటల్ మెకానిక్ కోర్సు. అంటే కట్టుడు పళ్లు, తొడుగులు, పంటి క్లిప్పులు తయారుచేసే పని. నోట్లో వేలు పెట్టేది డాక్టర్లు, వాళ్లు తీసి పంపిన అచ్చు పట్టుకుని బల్ల దగ్గర కూర్చునేది మేము. ఈ ముక్క, బరంపురానికి దగ్గర్లో సముద్రం ఒడ్డునున్న మా రామయ్యపట్నంలో ఇంటింటికీ తిరిగి చెప్పినా ఒక్కరి చెవికీ ఎక్కలేదు. ఊరి లెక్కలో నేను పళ్ల డాక్టర్ని. పొద్దున్నే ఆటో కోసం నిలబడితే చాలు, వలలు బాగుచేసుకుంటున్న చిన్నాన్నల వరసవాళ్లు లేచి వచ్చి నా ముందు నోరు తెరిచేవాళ్లు.

"సూడే గుంటా, ఆ ఎనకాల దవడ పన్ను. రేతిరంతా నిద్దర నేదు."

చూసేదాన్ని. చూడకపోతే చదువుకున్న పొగరంటారు. చూసి, గంభీరంగా తలాడించి, "ఆస్పత్రికి ఎల్లు చిన్నాన్నా" అనేదాన్ని. ఆ మాత్రం సలహాకే మర్నాడు మా ఇంటికి కవళ్ల చేపలో రొయ్యలో వచ్చేవి. ఇంత సులువైన వైద్యం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మా అమ్మ మాత్రం మోసపోలేదు. "నర్సు సదువుకి ఎల్లవే అంటే పళ్లు సెక్కుకోడానికి ఎల్లింది" అని వచ్చినవాళ్లందరి దగ్గరా వాపోయేది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. మొదట్లో నిజంగా చెక్కడమే పని. మైనపు దిమ్మ తీసుకుని చిన్న కత్తితో పన్ను ఆకారం తేవాలి. ముందు పన్ను, కోర పన్ను, ఆఖర్న అన్నిటికన్నా మొండిది దవడ పన్ను. క్లాసులో మైనం ఇచ్చేవారు, ఇంటి దగ్గర సాధనకి స్నానం సబ్బే గతి. ఆ ఏడాదంతా మా ఇంట్లో అందరూ దవడ పళ్లతోనే ఒళ్లు రుద్దుకున్నారు. ఒకరోజు మా నాన్న సముద్రం మీంచి వచ్చి, బావి దగ్గర కూర్చుని, సబ్బుని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవులిదే?" అని అడిగాడు.

మా ల్యాబ్ సారు ఒడియా ఆయన. బరంపురంలోనే పుట్టి పెరిగాడు కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడతాడు. చిరాకొస్తే మాత్రం సొంత భాషలోకి వెళ్లిపోతాడు. నేను చెక్కిన పన్నుని కిటికీ వెలుగులో పట్టుకుని, నాలుగు వైపులా తిప్పి, బల్ల మీద టక్కున పడేసి, "ఆఉ థొరే" అనేవాడు. ఇంకోసారి చెయ్యమని. అరిచేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆ రెండు మాటలే. మా బ్యాచి మొత్తం ఆయన అసలు పేరు మరిచిపోయి ఆ పేరే ఖాయం చేసింది.

నాకు మొదట్లో బాగా గర్వం ఉండేది. కత్తిపీట ముందు పెరిగిన దాన్ని, నా చేతికి కత్తి కొత్తా? తీరా చూస్తే ఆ అలవాటే నా కొంప ముంచింది. చేపని శుభ్రం చేసేటప్పుడు అక్కర్లేనిదంతా ఒక్క వేటుకి పోవాలి. పన్ను దగ్గర ఒక్క వేటుకి పోయేది పన్నే. "నువ్వు సేపని కోస్తన్నావు. పన్నుని సెయ్యట్లేదు" అని సారు నా చేతిలోంచి కత్తి లాక్కుని, గోరు మీద గీస్తే తెల్లటి పొడి లేచేంత నెమ్మదిగా గీసి చూపించాడు. అంత నెమ్మదిగా నేను జీవితంలో ఏ పనీ చేసి ఎరగను.

ఆయన నేర్పినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది బొటనవేలి పరీక్ష. పళ్ల సెట్టు పూర్తయ్యాక కళ్లు మూసుకోవాలి. చిగుళ్ల రంగులో ఉండి అంగిలిని కప్పే ఆ గులాబీ ప్లేటుని లోపలివైపూ బయటివైపూ బొటనవేలితో తడమాలి. కంటికి కనబడని ముల్లంత గరుకున్నా వేలికి తగులుతుంది. ఆ గరుకు అలాగే వదిలేస్తే రేపు ఎవరి నోట్లోనో పుండు పడుతుంది. "సూడకు. ముట్టుకో" అనేవాడు సారు. మేమంతా వరసగా కళ్లు మూసుకుని ప్లేట్లు తడుముతూ కూర్చుంటే, బయటినుంచి వచ్చినవాళ్లు ఏదో భజన జరుగుతోందనుకునేవాళ్లు.

ఇక మామ్మ సంగతి. మా నాన్నని కన్న తల్లి. పడవలు ఒడ్డుకి రాగానే ఇసక మీద చేపల పాట జరుగుతుంది, అంటే వేలం. మామ్మ దాంట్లో పాడి చేపలు కొని, కొన్ని పచ్చివే అమ్మి, మిగతావి ఎండబెట్టి అమ్ముతుంది. వయసులో ఉన్నప్పుడు ఆవిడ గొంతు అలల మోత మీదుగా వినబడేదట. నేను కోర్సులో చేరేనాటికి ఒక్క పన్నూ మిగల్లేదు. మాట తొర్రలోంచి గాలిలా జారిపోతుంటే, పాట దగ్గర కుర్రాళ్లు ఆవిడని వెక్కిరించి చూపించేవాళ్లు. నోటితో పాడే మనిషి తలతో, వేళ్లతో సైగలు చేసే మనిషైంది. పీత తినడం మానేసింది. నేను సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న.

"ఏటే, నీ సదువు ఎంతవరకొచ్చింది? నా పళ్లెప్పుడొస్తాయి?"

పళ్లు పోయినా ఆవిడ నోట్లోంచి పోనిది చుట్ట ఒక్కటే. అదీ అడ్డపొగ. చుట్ట వెలిగించి, వెలుగుతున్న కొస నోటి లోపల పెట్టుకుని, పెదాలు మూసేసి పీల్చడం. మా వైపు ముసలి ఆడవాళ్లలో చాలామంది అలాగే కాల్చేవారు. పుట్టినప్పటినుంచి చూస్తున్నదాన్ని కాబట్టి నాకది అన్నం తినడమంత మామూలు. మామ్మ నోట్లో నిప్పు పెట్టుకునే నాకు జడ వేసేది. మధ్యలో కదిలితే, నోరు తెరవకుండానే, ముక్కుతో ఉరిమేది.

అది మామూలు కాదని నాకు తెలిసింది క్లాసులో. నోటి జబ్బుల పాఠం చెప్పడానికి ఒక డాక్టరమ్మ వచ్చేవారు. బరంపురం పెద్దబజార్లో కిరాణా వర్తకుల ఇంటి ఆడపడుచు, మా తెలుగువాళ్లే. ఆవిడ ప్రొజెక్టర్‌తో గోడ మీద ఒక అంగిలి బొమ్మ వేశారు. హుమ్మ దగ్గర బస్సులోంచి కనబడే ఉప్పుమడిలా తెల్లగా బీటలు వారి ఉంది, మధ్య మధ్య ఎర్రటి చుక్కలు. నిప్పు లోపల పెట్టుకుని పొగ తాగే ఆడవాళ్ల అంగిలి ఇలా అవుతుందని, ఇది ముదిరితే కేన్సరు కావచ్చని చెప్పారు. క్లాసంతా నోరెళ్లబెట్టింది. వెనక బెంచీ కుర్రాడొకడు ఒడియాలో, "నిప్పు నోట్లో పెట్టుకునే పిచ్చివాళ్లెవరు?" అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. లేచి నిలబడ్డాను. "మా మామ్మ" అన్నాను. నవ్వు ఆగిపోయింది. ఆగినా నేను ఆగలేదు. "ఒడ్డున ఎప్పుడూ గాలే. చుట్ట బయటికి పెడితే ఆరిపోతుంది. రెండు చేతులూ చేపల్లో తడిసి ఉంటాయి, మాటిమాటికీ ముట్టుకోవడం కుదరదు. నిప్పు లోపల ఉంటే గాలీ లేదు, తడీ లేదు, పని పనే, పొగ పొగే. పిచ్చేం కాదు" అన్నాను. వాదన గెలిచి కూర్చున్నాక గోడ మీద బొమ్మ వైపు మళ్లీ చూశాను. ఆ అంగిలి నాకు తెలుసు. మామ్మ ఆవులించినప్పుడల్లా చూస్తున్నదే.

క్లాసయ్యాక డాక్టరమ్మ నన్ను ఆపి, "మీ మామ్మని తీసుకురా" అన్నారు.

మామ్మకి జబ్బు సంగతి చెబితే రాదని తెలిసి, పళ్ల డాక్టరు పిలుస్తోందని చెప్పాను. పట్టుచీర కట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ లైటు వేసి, చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూశారు. చూసి, తిన్నగా చెప్పేశారు. "ఈ మచ్చలు ఇప్పటికైతే భయపెట్టేవి కావమ్మా. అడ్డపొగ ఆపకపోతే ఏదో ఒకరోజు పుండవుతాయి. అది మందులకి మానే పుండు కాదు."

"నోరు నాది గదమ్మా" అంది మామ్మ.

"నోరు నీదే. పళ్లు మావి. చుట్ట మానెయ్యి, మచ్చ తగ్గిన తరవాతే అచ్చు తీస్తాను."

ఆ తరవాత జరిగింది అచ్చమైన బేరం. ఒకపక్క ఇసక మీద తలపండిన పాటగత్తె, ఇంకోపక్క దుకాణం గల్లాపెట్టె పక్కన పెరిగిన పిల్ల. "పొద్దుట ఒక్కటి?" అంది మామ్మ. "ఒక్కటీ లేదు." "పోనీ, సగం?" "సగమూ లేదు." "అన్నం తిన్నాక ఒక దమ్ము?" డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి చెత్తబుట్టలో వేశారు. అంతే, బేరం ముగిసింది. మామ్మ లేచి బయటికొచ్చి, "గట్టి గుంట" అంది. ఆవిడ మెచ్చుకోవడం నేను విన్నది అరుదు.

బస్సులో మామ్మ కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. మామ్మ చచ్చిపోవచ్చు అన్న ఆలోచన నాకు అప్పటిదాకా రాలేదు. ఆ రోజు వచ్చింది, దారిలో గోళంత్ర ఊరు దాటేదాకా పోలేదు. అప్పటినుంచీ నేను ఆవిడ పళ్ల కోసం చదవడం మానేశాను, ఆవిడ అంగిలి కోసం చదవడం మొదలుపెట్టాను. పళ్ల ఆశ పెట్టి చుట్ట మానిపించడం, అదీ నా ఎత్తు.

చుట్ట మానేసిన మామ్మతో ఒకే ఇంట్లో ఉండడం ఏ కోర్సులోనూ నేర్పరు. వెలిగించని చుట్ట చెవి సందున పెట్టుకుని వీధి మొత్తంతో తగువు పెట్టుకుంది. కాకులతోటి కూడా. కూరలో ఉప్పు లేదనేది, ఉప్పు వేస్తే ఎక్కువైందనేది. ఒకనాడు మా నాన్న నా దగ్గరకొచ్చి చేతులు పట్టుకుని, "ఆ సుట్టేదో ఇచ్చీయే తల్లీ, మేం బతకాల" అన్నాడు. నేను ఇవ్వలేదు. మామ్మా అడగలేదు. పీత మీద ఆశ అంత గట్టిది.

మచ్చలు తగ్గాయి. డాక్టరమ్మ అచ్చు తీశారు. మెత్తటి ముద్ద నోట్లో పెట్టి ఊపిరి ముక్కుతో పీల్చమంటే, మామ్మ కళ్లతోనే నన్ను నానా తిట్లూ తిట్టింది. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి మామ్మ నోటి నమూనా చేసింది నేనే. గాలి బుడగ ఒక్కటీ లేకుండా వచ్చింది. చిగుళ్ల గట్లు, అంగిలి గుంట, దాంట్లో ఇంకా పూర్తిగా చదునవ్వని చిన్న చిన్న బుడిపెలు, అన్నీ తెల్లటి రాయిలో దిగాయి. కోర్సు ఆఖరి పరీక్షకి ప్రతి ఒక్కరూ ఒక మనిషికి పూర్తి సెట్టు చేసి ఇవ్వాలి. నా మనిషి మామ్మ.

ముందు మైనం మీద పళ్లు అమర్చి, నోట్లో పెట్టి సరిచూడాలి. పుస్తకంలో చెప్పినట్టు ముత్యాల వరసలా పేర్చి తీసుకెళ్లాను. మామ్మ అద్దంలో చూసుకుని మొహం మాడ్చుకుంది.

"ఇయ్యి నావి కావు. ఎవులో సినిమాదానియి."

"బాగున్నాయి మామ్మా."

"బాగుంటే సరిపోద్దేటి? నా ముందు పళ్లకి సందుండేది. సందు నేకపోతే ఊళ్లో నన్నెవులు పోలుస్తారు?"

సారు దగ్గరికి వెళ్లి భయపడుతూ అడిగాను. పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్లు సందు ఎందుకుందని అడిగితే ఏం చెప్పాలని. "ముసలమ్మ నోరు, ముసలమ్మ ఇష్టం అని సెప్పు" అన్నాడు. సందు పెట్టాను. రంగు కూడా ఒక మెట్టు దించి కొద్దిగా పసుపు పచ్చటి పళ్లు ఎంచాను. ఆ తరవాతదంతా వంట లాంటిదే. ప్లాస్టర్ దిమ్మలో బిగించి, మైనాన్ని మరుగుతున్న నీళ్లతో కరిగించి తీసేసి, ఆ ఖాళీలో గులాబీ రంగు ముద్ద కూరి, నీళ్లలో నెమ్మదిగా ఉడికించాలి. ఆపైన ఇంకా నెమ్మదిగా చల్లారనివ్వాలి. తొందరపడి మూత తీస్తే ప్లేటు వంకరపోతుంది. నేను ఆ రోజు తొందరపడలేదు. అరగదీసి, మెరుగు పెట్టి, కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమాను. సారు కూడా తడిమాడు. నేను "ఆఉ థొరే" కోసం ఎదురుచూశాను. ఆయన ప్లేటు నా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

మామ్మ పళ్లు పెట్టుకుని అన్న మొదటి మాట, "ఓలమ్మా, నోరంతా నిండిపోనాదే." రెండో మాట పీత గురించి. డాక్టరమ్మ మెత్తటివి తినమని చెప్పిన సాయంత్రమే పీత డెక్క కొరికింది. పదిహేను రోజులు పోయాక ఒక తెల్లారి ఒడ్డున పాట జరుగుతుంటే నేను పని మానుకుని వెళ్లి నిలబడ్డాను. మామ్మ గొంతు ఇసక మీద ఆ చివర్నుంచి ఈ చివరికి వినబడింది. వెక్కిరించిన కుర్రాళ్లు పక్కకి తప్పుకున్నారు. ఊరు ముక్కున వేలేసుకుంది. మా అమ్మ మొదటిసారి, "పళ్లు సెక్కే సదువూ సదువే" అని ఒప్పుకుంది. నేను పరీక్ష పాసయ్యాను, ఆ ల్యాబులోనే పనికి కుదిరాను. అడ్డపొగ సంగతి తీరిపోయిందని, నా ఎత్తు పారిందని నిబ్బరంగా ఉన్నాను.

వానలు వెలిసిన తరవాత అనుకుంటాను, మామ్మ ప్లేటు ఊగుతోందని చెప్పింది. "అటూ ఇటూ ఉయ్యాల ఊగతాది. సరిగ్గా సేసినావా?" అని నా పనితనానికే ఎసరు పెట్టింది. ఉక్రోషంతో పళ్లని డబ్బాలో పెట్టుకుని ల్యాబుకి తీసుకెళ్లాను. సారు తీసి, మామ్మ ప్లాస్టర్ నమూనా మీద పెట్టి చూశాడు. ప్లేటు కుదురుగా కూర్చోలేదు, ఒక పక్కకి లేచింది. వెలుగులో తిప్పాడు. నాలుక తగిలేవైపు, సరిగ్గా నడిమధ్యన, గోధుమరంగు మచ్చ. దాని చుట్టూ చిన్న చిన్న బొబ్బలు.

"కుక్క కొరికిన ప్లేటు సూసినాను. సలసల మరిగే నీళ్లలో కడిగిన ప్లేటు సూసినాను. నూతిలో పడిన ప్లేటూ సూసినాను" అన్నాడాయన. "నోట్లో ఉండగా కాలిన ప్లేటు ఇదే సూడడం."

పక్క బల్లల వాళ్లు వచ్చి చూసి నవ్వారు. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. సెలవడిగి, ప్లేటూ ప్లాస్టర్ నమూనా రెండూ సంచిలో వేసుకుని మధ్యాహ్నం బస్సెక్కాను.

మామ్మ ఒడ్డున, ఎండు కవళ్లు తిరగేస్తూ కూర్చుంది. నన్ను వేళ కాని వేళలో చూసి, "అప్పుడే బాగుసేసేసినావేటి?" అంది. పళ్లు లేని నోరు కాబట్టి మాట మళ్లీ జారుతోంది.

"అడ్డపొగ తాగుతన్నావా మామ్మా?"

దాచలేదు. కొంచెం కూడా తడబడలేదు. "తాగుతన్నాను. అయితే ఏటి?"

"మానేస్తానని డాక్టరమ్మకి చెప్పావు."

"ఎందుకు మానీమన్నాది? అంగిలి కాలతాదని. మరి ఇప్పుడు అంగిలి మీద నువ్వు మూతెట్టేసినావు గదా! నిప్పు మూతకి తగుల్తాది, నాకేటవుతాది? పళ్లొచ్చిన్నాడే నాకు తెలిసింది. ఈ గుంట ఎంత తెలివైందే, నా సుట్ట కోసరమే మూతెట్టి సేసిందనుకున్నాను."

నేను పళ్లు ఇచ్చి చుట్ట మానిపించాననుకున్నాను. ఆవిడ పళ్లు పెట్టుకుంది చుట్ట కోసం. పైగా అది నా తెలివే అని మెచ్చుకుంటోంది. ఒక్క క్షణం నవ్వొచ్చింది కూడా, ఒప్పుకుంటాను. ఆ వెంటనే ఒంటికాలి మీద లేచాను.

"నేను చేసింది పళ్లు! నీ చుట్టకి పళ్లెం కాదు!" అని ఒడ్డంతా వినబడేలా అరిచాను. పడవ లాగుతున్నవాళ్లు ఆగి చూశారు. మామ్మ చేపలు తిరగేస్తూనే ఉంది.

అరుపులకి లొంగే మనిషి కాదు. డాక్టరు మాటకీ లొంగలేదు. ఏం చెయ్యాలో తోచక పక్కన ఇసకలో కూలబడ్డాను. కాసేపటికి సంచిలోంచి ప్లేటు తీసి, మామ్మ చెయ్యి పట్టుకుని, చేపల తడి నా పైటకి తుడిచి, బొటనవేలు ప్లేటు అంచు మీద పెట్టాను.

"కళ్లు మూసుకో."

"ఎందుకే?"

"మూసుకో మామ్మా. సూడకు. ముట్టుకో."

ఏ కళనుందో, మూసుకుంది. ఆవిడ వేలిని నేనే నడిపించాను. అంచు దగ్గర నున్నగా జారింది. నడిమధ్యకి రాగానే బొబ్బల మీద ఆగింది. ముందుకెళ్లి వెనక్కొచ్చి మళ్లీ అక్కడే ఆగింది.

"ఇదేటిది, పొక్కిపోయినట్టుంది?"

"నువ్వు నిప్పెట్టిన సోటు. ఇది నీళ్లలో ఉడికి ఉడికి గట్టిపడింది. గోడకేసి కొట్టినా ఓ పట్టాన విరగదు. నిన్నగాక మొన్న పెట్టుకున్నావు, అప్పుడే ఇలాగైంది. దీనికి ముందు ఇక్కడున్నది తోలు మామ్మా. నీ ఒంటి తోలు. పెళ్లికి ముందునుంచీ దాన్ని కాలుస్తన్నావు."

నా మాటల్లోకి ఎప్పుడు మా ఊరి యాస వచ్చేసిందో నాకే తెలీదు. మామ్మ కళ్లు తెరిచింది. ప్లేటు వైపు చూడలేదు. నా ఒళ్లో ఉన్న ప్లాస్టర్ నమూనా తీసుకుంది. తన నోరేనని పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. ఆ తెల్లటి అంగిలి మీద వేలు పెట్టి బుడిపెల్ని ఒక్కొక్కటే తడిమి, ఒక చోట ఆగింది.

"మా యమ్మకి ఇక్కడే పుండు" అంది.

నేను ఎప్పుడూ వినని సంగతి. వాళ్లమ్మ నోట్లో పుండు పడి, అది పెరిగి, ఆఖరికి గంజి కూడా దిగకుండా పోయిందట. అమ్మవారికి కోపం వచ్చిందన్నారట, కోడిని కోశారట. "అమ్మోరికి కోపమంట. దానికి గంజి పట్టింది నాను. నోట్లోకి సూడ్డానికి బయిమేసి, మొకం అటు తిప్పీసుకుని పట్టేదాన్ని. అదీ అడ్డపొగే తాగేది. మాకెవులూ సెప్పనేదు."

మామ్మ ఏడవలేదు. ఏడ్చింది నేను. అక్కడే ఇసకలో, పెద్దగా, ముక్కు చీదుకుంటూ. మామ్మ చేపల చేత్తోనే నా మొహం తుడిచింది. ఆ వాసన రెండు రోజులు పోలేదు.

"ఇంకోటి సెయ్యి" అంది.

"మళ్లీ కాలుస్తావా?"

"ఒట్టు మాత్రం ఎయ్యను. ఒట్టేసి తప్పితే నీకు తగుల్తాది. నువ్వు సేసి ఇయ్యి, సూద్దాం."

మర్నాడు సారుకి విషయం చెప్పాను. ఆయన కాలిన ప్లేటు చేతిలోకి తీసుకుని ఆ బొబ్బల్ని వేలితో తడిమాడు. తరవాత ప్లేటు ముద్ద కలిపే గులాబీ పొడి డబ్బా నా వైపు జరిపి, "ఆఉ థొరే" అన్నాడు. ఆ మాటకి నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. డాక్టరమ్మ అంగిలి మళ్లీ చూసి, కొత్త అచ్చు తీసి ఇచ్చారు. ప్లేటు కొత్తది చేశాను. సందు అలాగే ఉంచాను.

ఇప్పటికీ మామ్మ అప్పుడప్పుడు చేపల ఆటోలో బరంపురం వస్తుంది. ల్యాబు గుమ్మంలో కూర్చుని, పళ్లు తీసి, రుమాలులో చుట్టి లోపలికి పంపుతుంది. మెరుగు పెట్టమని. వెలిగించని చుట్ట చెవి సందున ఉండనే ఉంటుంది. మొన్న వచ్చినప్పుడు దాని సంగతి అడిగేశాను.

"ఒక్కపాలి నిప్పు బయిటెట్టి కాల్సి సూసినాను, మగోల్ల లాగ" అంది. "సప్పగుంది. అదెలా తాగుతారో."

"లోపలెట్టి?"

మామ్మ వీధిలో పోతున్న రిక్షా వైపు చూస్తూ కూర్చుంది. నేను లోపలికొచ్చి రుమాలు విప్పాను. లైటు వెయ్యలేదు. కళ్లు మూసుకుని బొటనవేలు ప్లేటు అంచు మీద పెట్టి, మెల్లిగా నడిమధ్యకి తీసుకెళ్లాను.

గుమ్మంలోంచి కేక వినబడింది. "ఏటే, నమ్మకం నేదా?"

"నేదు మామ్మా" అన్నాను.

ఇంకోసారి మొదట్నుంచి తడిమాను. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నున్నగా ఉంది.